జోక్యం వెనుక ఆర్థిక ప్రయోజనాలను పరిశీలించడం ఎలా: గ్వాటెమాల, 1954

బలమైన దేశం పొరుగు ప్రాంతంలో జోక్యం చేసుకున్నప్పుడు, అది ప్రకటించిన కారణాన్ని కాసేపు పక్కనపెట్టి, అక్కడ ఎవరి ఆస్తులు ఉన్నాయో ముందుగా చూడాలి. 1954లో అమెరికా కూలదోయించిన మధ్య అమెరికా దేశం గ్వాటెమాల ప్రభుత్వాన్నే తీసుకుందాం. అక్కడి అతిపెద్ద భూస్వామి అమెరికాకు చెందిన అరటిపండ్ల కంపెనీ యునైటెడ్ ఫ్రూట్. ప్రధాన రైలుమార్గంపైనా, ప్యుయెర్టో బారియోస్ రేవుపైనా దానిదే పట్టు.

ఆ తరువాత, జోక్యానికి ముందు ఆ ఆస్తుల మీద ఏ చట్టం ప్రభావం చూపిందో వెతకాలి. అధ్యక్షుడు హకోబో ఆర్బెంజ్ 1952 జూన్‌లో తెచ్చిన 900వ డిక్రీ, పెద్ద కమతాల్లోని బీడు భూములను తీసుకొని భూమిలేని రైతులకు పంచింది. యజమానులు పన్ను కోసం స్వయంగా చూపించిన విలువనే పరిహారానికి ఆధారంగా తీసుకొని, దాన్ని బాండ్ల రూపంలో చెల్లించాలని నిర్ణయించింది. ఇక్కడ అంకెలను నిదానంగా చదవాలి. పన్ను తగ్గించుకునేందుకు కంపెనీ చూపించిన తక్కువ విలువే దానికి ఎదురుతిరిగింది: ప్రభుత్వం సుమారు 6 లక్షల 27 వేల డాలర్లు ఇస్తామంటే, 1954 ఏప్రిల్‌లో 1 కోటి 58 లక్షల డాలర్లకు పైగా ఇవ్వాలని అడిగింది సాక్షాత్తూ అమెరికా విదేశాంగ శాఖ. ఒక ప్రైవేటు కంపెనీ లెక్కను రాజ్యమే తన లెక్కగా వసూలుకు పెట్టడం, నా దృష్టిలో, ఈ వ్యవహారమంతటిలో బలమైన సాక్ష్యం.

నిర్ణయాలు తీసుకున్నవారి పాత సంబంధాలనూ చూడాలి. అమెరికా విదేశాంగ మంత్రి జాన్ ఫాస్టర్ డల్లెస్ గతంలో పనిచేసిన న్యాయవాద సంస్థకు ఈ కంపెనీ కక్షిదారు. ఆయన తమ్ముడు ఆలెన్ అప్పటికి అమెరికా గూఢచార సంస్థ సీఐఏ అధిపతి. అయితే పరిచయం ఉన్నంత మాత్రాన ఉద్దేశం రుజువు కాదు.

అందుకే మన వాదనకు అడ్డుతగిలే ఆధారాలను కూడా పట్టుబట్టి వెతకాలి. ఆర్బెంజ్ జూన్ 27న రాజీనామా చేసిన కొద్ది రోజులకే, అమెరికా న్యాయశాఖ ఇదే కంపెనీపై గుత్తాధిపత్య నిరోధక దావా వేసింది. కంపెనీ కోసమే కుట్ర జరిగిందన్న సులువైన సమాధానం దీనితో నిలవదు; కమ్యూనిజం పట్ల భయం కూడా నిజమైనదే. పోలికగా దక్షిణ అమెరికాలోని బొలీవియాను దీని పక్కన ఉంచి చూడండి: 1952 విప్లవం తరువాత అక్కడి ప్రభుత్వం తగరపు గనులను జాతీయం చేసింది, అయినా అమెరికా దానికి సహాయం అందించింది. ఆ గనుల్లో ముఖ్యమైనవి ప్రధానంగా బొలీవియా సంపన్న కుటుంబాల చేతిలో ఉండేవి. ఆస్తి ఎవరిదన్న ప్రశ్న ఎంత బరువైనదో ఈ తేడా ఆలోచింపజేస్తుంది.

చివరగా, జోక్యం ముగిశాక భూమి ఎవరి చేతికి వెళ్లిందో చూడాలి. ఆర్బెంజ్‌ను కూలదోశాక అమెరికా మద్దతుతో అధికారంలోకి వచ్చిన కాస్తీయో ఆర్మాస్ పాలనలో 900వ డిక్రీ రద్దయింది. పంచిన భూముల్లో అత్యధిక భాగం కంపెనీతో సహా పాత యజమానులకు తిరిగి చేరింది, వాటిని దున్నుకుంటున్న రైతులను వెళ్లగొట్టారు.