పెళ్లి మాటెత్తితే ‘చూద్దాంలే’ అనే మనిషితో ఎలా?

పెళ్లి మాటెత్తగానే ‘ఇప్పుడేం తొందర, చూద్దాంలే’ అనే మనిషిని ప్రేమిస్తుంటే ముందు సూటిగా అడగండి. చాటింగ్‌లో వద్దు, గొడవ మధ్యలో అసలే వద్దు. ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు ‘నాకు పెళ్లి కావాలి, నీకు కావాలా వద్దా’ అని అడిగి, ఆలోచించుకోవడానికి కాస్త టైమ్ ఇవ్వండి.

ఆ తర్వాత తను ఏం చేస్తున్నాడో చూడండి. మీ ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని తెలిసినా తన ఇంట్లో మీ పేరెత్తకపోవడం, ఫ్రెండ్స్‌కి కొలీగ్ అని పరిచయం చేయడం, మొన్నటిదాకా అక్క పెళ్లయ్యాక అన్నవాడు అది కాగానే ప్రమోషన్ వచ్చాక అనడం, ఇవన్నీ జవాబులే. ‘మావాళ్లు వేరే కులం ఒప్పుకోరు’ అంటే అది నిజమైన భయమే కావచ్చు, కొట్టిపారేయకండి. కానీ 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండితే పెద్దల సమ్మతి లేకున్నా 30 రోజుల నోటీసుతో రిజిస్టర్ చేసుకోవచ్చు, కనీసం ఆ దారి గురించి మాట్లాడటానికైనా సిద్ధమా అని అడగండి.

మనసులో ఒక గడువు పెట్టుకోండి. అది దాటితే, ఎంత ప్రేమున్నా సరే, అమ్మానాన్నలకు అబద్ధాలు చెప్తూ వచ్చిన సంబంధాలన్నీ వెనక్కి పంపడం ఆపేయండి.