ఆవుకు పది సెంట్ల లూసర్న్: పాడి రైతు పప్పుజాతి మేత మడి వేసుకునే తీరు

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పాడి మీద నడిచే ఇళ్లలో పచ్చిమేత అనగానే ముందుగా గుర్తొచ్చేది సూపర్ నేపియర్ గడ్డి, అది లేకపోతే జొన్న లేదా మొక్కజొన్న చొప్ప. ఇవి ఆవు కడుపు నింపుతాయి, కానీ వీటిలో మాంసకృత్తులు తక్కువ కాబట్టి ఆ లోటును వేరుశనగ చెక్కతోనో బస్తా దాణాతోనో పూడ్చుకుంటూ, పాల బిల్లులో సగానికి పైగా తిరిగి దాణా అంగడికే కట్టేస్తుంటాం. లూసర్న్ వంటి పప్పుజాతి మేతలో ఎండు పదార్థం లెక్కన 18 నుంచి 20 శాతం దాకా మాంసకృత్తులు ఉంటాయి. రోజుకు 8 కిలోల పచ్చి లూసర్న్ వేస్తే దాదాపు 700 గ్రాముల వేరుశనగ చెక్కలో ఉన్నంత మాంసకృత్తులు ఆవుకు అందినట్టే. బోరు కింద కొంచెం చోటు ఉన్న ఏ రైతుకైనా ఈ మడి లాభమే అని నా అభిప్రాయం. అయితే దీన్ని నేపియర్ లాగా నాటి వదిలేస్తే కుదరదు. మొదటి రెండు నెలలూ పసిబిడ్డను సాకినట్టు సాకాలి.

ఎంత చోటు కావాలన్నది ముందు తేల్చుకోవాలి. నీరూ ఎరువూ సరిగ్గా అందిన లూసర్న్ ఎకరాకు ఏడాదికి 28 నుంచి 32 టన్నుల పచ్చిమేత ఇస్తుంది. అంటే 10 సెంట్లలో సుమారు 3 టన్నులు, రోజుకు 8 కిలోలు. అందువల్ల పాలిచ్చే సంకరజాతి ఆవు ఒక్కదానికి 10 సెంట్లు అని గుర్తుపెట్టుకుంటే చాలు. రెండు ఆవులున్నవారు ఒక్కసారిగా అరెకరం వేయవలసిన పని లేదు. అరెకరంలో కలుపు తీయలేక మడిని గరికకు అప్పగించిన వారిని నేను చాలామందిని చూశాను. పొట్టి పుంగనూరు ఆవులు పెంచేవారికి ఇందులో సగం కూడా ఎక్కువే.

విత్తనాల అంగడిలో లూసర్న్ అడిగితే కొందరు బర్సీమ్ చూపించి, రెండూ ఒకటేనంటారు. రెండూ మూడాకుల మొక్కలే గాని ఒకటి కావు. బర్సీమ్ క్లోవర్ జాతికి చెందినది. ఉత్తరాదిన శీతాకాలంలో పెరిగి, ఎండలు ముదరగానే ముగిసిపోయే ఏడాది పంట. పలమనేరు, కుప్పం వంటి ఎత్తు ప్రాంతాల్లో చలి ఉన్నన్నాళ్లూ అది కొన్ని కోతలు ఇవ్వవచ్చు గాని, శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు దాని మీద డబ్బు పెట్టవద్దనే చెబుతాను. లూసర్న్ వేరు లోతుకు దిగుతుంది, మన ఎండకు తట్టుకుంటుంది, ఒకసారి వేస్తే మూడేళ్లు నిలుస్తుంది. ఏళ్ల తరబడి నిలవాలంటే ఆర్.ఎల్.-88 వంటి బహువార్షిక రకాన్ని అడిగి తీసుకోవాలి.

నీరు నిలవని ఎర్ర గరప నేల, లేదా ఇసుక కలిసిన ఒండ్రు నేల దీనికి సరిపోతుంది. మట్టి పరీక్షలో ఉదజని సూచిక (పి.హెచ్.) 6.5 నుంచి 7.5 మధ్య వస్తే దిగులు పడనక్కర్లేదు. చౌడు నేల, చెరువు కింద ఎప్పుడూ తడిగా ఉండే వరి మడి పనికిరావు, ఎందుకంటే లూసర్న్ వేరు నిలవ నీటిలో ఉంటే కుళ్లుతుంది. చోటు ఎంచుకున్నాక రెండు మూడు సార్లు దుక్కి దున్ని, 10 సెంట్లకు ఒక టన్ను చొప్పున బాగా మాగిన పశువుల ఎరువు కలపాలి. మాగని పేడ వేస్తే దానితో పాటు కలుపు గింజలను కూడా మనమే మోసుకొచ్చి చల్లినట్టవుతుంది. ఆఖరి దుక్కిలో 30 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, రెండున్నర కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్, 2 కిలోల యూరియా వేయాలి. సూపర్ ఫాస్ఫేట్ ఇంత ఎక్కువగా, యూరియా ఇంత తక్కువగా ఎందుకని అడిగేవారుంటారు. గాలిలోని నత్రజనిని ఈ మొక్క తన వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో తానే సమకూర్చుకుంటుంది, భాస్వరాన్ని మాత్రం మనమే ఇవ్వాలి.

ఇక్కడ చాలామంది తొందరపడి విత్తేస్తారు. నేనైతే మడిని చదును చేశాక ఒక తడి ఇచ్చి, పది పన్నెండు రోజులు ఖాళీగా వదిలేస్తాను. నేలలో దాగి ఉన్న కలుపు గింజలన్నీ పచ్చగా మొలిచాక పైపైన గుంటకతో కోసేసి, అప్పుడు విత్తుతాను. ఈ పన్నెండు రోజుల ఓపిక వల్ల తర్వాత కలుపు కూలీలో సగం మిగులుతుంది.

విత్తే కాలం పడమటి మండలాల్లో అక్టోబరు నుంచి నవంబరు నెలాఖరు దాకా. తూర్పు వైపు ఈశాన్య రుతుపవనాలను లెక్కలోకి తీసుకోవాలి. 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వానల వంటివి మళ్లీ రావని ఎవరూ చెప్పలేరు గనుక, అక్కడ తుపాను వానలు కొంత తగ్గాక, నవంబరు చివరి వారం నుంచి డిసెంబరు నడుమ దాకా విత్తడం మేలు. ఎక్కడైనా సరే, నీరు పారే వాలును బట్టి చిన్న చిన్న మళ్లు కట్టి, ఒక పక్కన మురుగు కాలువ తీసి ఉంచాలి.

10 సెంట్లకు ఒక కిలో విత్తనం చాలు. కొనేటప్పుడు ధ్రువీకరణ చీటీ ఉన్న సంచినే కొనమని నొక్కి చెప్పడానికి నాకు సొంత అనుభవం ఉంది. మొదటిసారి వేసినప్పుడు ధర తక్కువని విడి విత్తనం తెచ్చాను. రెండో కోత నాటికి మడి నడుమ చాప వెడల్పున పసుపు నూలు పోగులు చిక్కుపడినట్టు కనిపించింది. ఆకూ లేదు, నేలలో వేరూ లేదు, లూసర్న్ కాడలను చుట్టుకొని వాటి రసంతోనే బతుకుతోంది. అది బంగారు తీగ. పేరు ఎంత ముచ్చటగా ఉన్నా లూసర్న్‌కు అంతకు మించిన శత్రువు లేదు. దాని గింజ లూసర్న్ గింజ కంటే చిన్నది కాబట్టి సన్న జల్లెడతో జల్లిస్తే చాలావరకు కిందికి రాలిపోతుంది, అందుకే చీటీ ఉన్న విత్తనాన్నైనా నేను ఒకసారి జల్లిస్తాను. మడిలో కనిపిస్తే తీగను పీకి ఊరుకోకూడదు. అది చుట్టుకున్న మొక్కలను, వాటి చుట్టూ ఒక మూర మేర మంచి మొక్కలను కూడా నేల మట్టానికి కోసి, పూత రాకముందే అక్కడికక్కడే కాల్చివేయాలి. జాలిపడి వదిలిన ఒక్క ముక్క చాలు, మళ్లీ అల్లుకోవడానికి.

విత్తే ముందు రోజు విత్తనానికి రైజోబియం కల్చర్, అంటే వేరు బుడిపెలు కట్టే సూక్ష్మజీవుల పొడి, పట్టించాలి. పావు లీటరు నీటిలో 25 గ్రాముల బెల్లం మరగబెట్టి, పూర్తిగా చల్లారాక కల్చర్ పొడి కలిపి, ఆ జిగురును గింజలన్నిటికీ పలచగా పట్టేలా అవసరమైనంత మేరకే వాడి, నీడలో ఆరబెట్టాలి. కల్చర్ ప్యాకెట్ మీద లూసర్న్ అని రాసి ఉందో లేదో చూసుకోవాలి. ముప్పై ఏళ్లుగా వేరుశనగ పండిన చేనుకు మళ్లీ కల్చర్ ఎందుకని మావాళ్లే నన్ను అడిగారు. వేరుశనగ వేళ్లకు బుడిపెలు కట్టే సూక్ష్మజీవి వేరు, లూసర్న్‌కు కావలసినది వేరు. దానితో దీనికి పని జరగదు.

లూసర్న్ గింజ చాలా సన్నం, గ్రాముకు 450 నుంచి 500 గింజలు తూగుతాయి. అందువల్ల ఒక సెంటీమీటరుకు మించి లోతులో పడితే మొలక పైకి రావడమే కష్టం. మడిలో అడుగు దూరానికి ఒకటి చొప్పున వేలితో లేదా పుల్లతో సన్నని గాడి గీసి, పొడి ఇసుక కలిపిన విత్తనాన్ని ఆ గాడిలో రాల్చి, చేతివేళ్లతో మట్టిని అలా నిమిరితే చాలు. వెదజల్లడం సులువే గాని, కలుపు తీసేటప్పుడు సాళ్ల విలువ తెలుస్తుంది. విత్తిన వెంటనే నెమ్మదిగా ఒక తడి, మూడో రోజు మరో తడి ఇవ్వాలి. మొదటి నీరు వేగంగా వదిలితే గింజలన్నీ మడి చివరికి కొట్టుకుపోయి ఒకే మూల గుబురుగా మొలుస్తాయి. ఆపైన నేలను బట్టి వారానికో తడి, వేసవిలో అయిదారు రోజులకో తడి సరిపోతుంది.

మొలిచాక మొదటి 40 రోజులు మొక్క పైకి ఎదిగినట్టే కనిపించదు. ఆ సమయంలో అది వేరు దింపుకుంటూ ఉంటుంది. తుంగ, గరిక, వయ్యారిభామ మాత్రం మన కళ్ల ముందే పెరుగుతాయి. మూడో వారంలో ఒకసారి, ఆరో వారంలో ఒకసారి కూర్చొని చేతితో కలుపు తీయవలసిందే. నెలన్నరకు సాలు చివర ఒక మొక్కను పారతో మట్టిపెళ్లతో సహా తీసి, నీటిలో ముంచి మెల్లగా మట్టి కడిగి చూడండి. వేళ్లకు సన్నని బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చిదిపితే లోపల గులాబీ రంగు కనిపించాలి. అలా ఉంటే కల్చర్ పని చేస్తున్నట్టు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే, లేక బుడిపెలే లేకపోతే, ఆకులు పాలిపోకముందే కొద్దిగా యూరియా ఇచ్చి మొక్కను ఆదుకోవాలి.

మొదటి కోతకు 70 నుంచి 80 రోజులు ఆగాలి. పక్కన ఆవు అరుస్తుంటే, మడి పచ్చగా ఊరిస్తుంటే ఆగడం కష్టమే గాని, ముందే కోసిన మొక్క జీవితాంతం నీరసంగానే ఉంటుంది. ఆ తర్వాత 25 నుంచి 30 రోజులకు ఒక కోత వస్తుంది. పదింట ఒక మొక్కకు ఊదా పూలు కనిపించినప్పుడు, నేల నుంచి నాలుగు వేళ్లు వదిలి కోయాలి, ఎందుకంటే కొత్త చిగుళ్లు ఆ మోడు నుంచే వస్తాయి. రోజూ మేత దొరకాలంటే మడిని 30 పట్టీలుగా గుర్తించుకొని రోజుకొక పట్టీ కోసుకుంటూ వెళితే, చివరి పట్టీ కోసే నాటికి మొదటిది మళ్లీ సిద్ధంగా ఉంటుంది. నేను గట్టు మీద 30 కానుగ పుల్లలు పాతుకున్నాను. ఎవరు కోతకు వెళ్లినా అడగవలసిన పని లేకుండా పోయింది. చలికాలంలో పేనుబంక కనిపిస్తే మందు వెతకడం కంటే ఆ పట్టీలను నాలుగు రోజులు ముందే కోసేయడం మంచిది, ఎందుకంటే మందు చల్లిన మేతను ఆవుకు వేయలేం.

మేపడంలో ఒక్క ప్రమాదం ఉంది, అది చిన్నది కాదు. మంచుతో తడిసిన లేత లూసర్న్‌ను ఆకలితో ఉన్న ఆవు ముందు కుప్పగా పోస్తే పొట్టలో నురగ కట్టి గ్యాసు బయటికి రాక కడుపుబ్బరం వస్తుంది. ఎడమ డొక్క డోలులా బిగుస్తుంది, ఆవు ఊపిరికి తన్నుకులాడుతుంది, ఆలస్యమైతే గంటల్లోనే ప్రాణం పోతుంది. మా ఇంట్లో ఒక పుష్య మాసపు ఉదయం పిల్లవాడు తెలియక ఒక మోపంతా వేయగా, ఆ రోజు మేం పడ్డ అవస్థ ఇప్పటికీ మరువలేదు. ముందు రోజు సాయంత్రం కోసి రాత్రంతా పలచగా పరచి వాడ్చిన మేతనే ఉదయం వేయాలి. దానికి ముందు వరిగడ్డో వేరుశనగ కట్టో కొంత తినిపించాలి. మూడు వంతుల నేపియర్ లేదా చొప్పకు ఒక వంతు లూసర్న్ చొప్పున ముక్కలు చేసి కలిపి వేస్తే భయం లేదు. కొత్తగా మొదలుపెట్టేటప్పుడు రోజుకు ఒక కిలోతో ఆరంభించి పది రోజుల్లో పెంచుకోవాలి. ఉబ్బరం కనిపిస్తే వెంటనే 1962కు ఫోన్ చేసి పశువైద్యుణ్ని పిలవాలి. ఈలోగా ఆవును నిలబెట్టి నడిపిస్తూ, మింగగలిగిన స్థితిలో ఉంటే పావు లీటరు వేరుశనగ నూనె కొద్దికొద్దిగా తాగించవచ్చు. తల బాగా పైకెత్తి ఒక్కసారిగా పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అడవి అంచున ఉన్నవారికి ఇంకో సంగతి. పాశ్చాత్య దేశాల్లో వేటగాళ్లు జింకలను రప్పించడానికే క్లోవర్ మళ్లు వేస్తారు. లూసర్న్ అంటే కూడా వాటికి అంతే ఇష్టం. చంద్రగిరి వైపు మా బావమరిది ఈ మడి వేసిన ఏడాదే శేషాచలం నుంచి చుక్కల దుప్పులు రాత్రిళ్లు దిగి చిగుళ్లన్నీ నున్నగా మేసిపోయాయి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని వేటాడటం, ఉచ్చు పెట్టడం నేరం. కంచెకు నేరుగా కరెంటు తగిలించడం నేరమే కాక, మన ఇంటి మనిషి ప్రాణానికే ముప్పు. దుప్పి చక్కగా ఎగరగలదు కాబట్టి ఏడెనిమిది అడుగుల ఎత్తు వల కంచె కావాలి. 10 సెంట్లే కాబట్టి ఆ ఖర్చు భరించదగినదే. మడిని అడవి వైపు కాకుండా ఇంటి పక్కన, కొట్టానికి దగ్గరగా పెట్టుకోవడం అంతకంటే చవక. కౌండిన్య అడవి పక్కన ఏనుగులు తిరిగే ఊళ్లలో మాత్రం ఏ కంచె మీదా నమ్మకం పెట్టుకోలేం.

బోరు నీరు అంతగా లేనివారు, ముఖ్యంగా మేకలున్నవారు, లూసర్న్ బదులు దశరథ గడ్డి (హెడ్జ్ లూసర్న్) వేసుకోవచ్చు. పేరుకు గడ్డి అన్నా ఇదీ పప్పుజాతి మేతే. దాని విత్తనం పైపొర గట్టిది. నీళ్లు మరిగించి, పొయ్యి దించి, ఆవిరి కొంచెం తగ్గాక విత్తనాన్ని అందులో నాలుగైదు నిమిషాలు ఉంచి, ఆపైన చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టి విత్తాలి. మూడు నెలలకు మొదటి కోత, తర్వాత 40 రోజులకు ఒకటి వస్తాయి. పూర్తిగా వాన మీదే ఆధారపడిన గుట్టల పక్క నేలకు స్టైలో అనే పప్పుజాతి మేత నయం.

లూసర్న్ మడికి ఏడాదికోసారి సూపర్ ఫాస్ఫేట్ మళ్లీ వేసి సాళ్ల మధ్య దంతె తిప్పుతుంటే మూడేళ్లు దిగుబడి నిలకడగా ఉంటుంది. మూడో ఏడు ముగిసేసరికి మొక్కలు పలచబడి అక్కడక్కడా ఖాళీలు పడతాయి. ఆ ఖాళీల్లో మళ్లీ లూసర్న్ విత్తనమే చల్లితే మొలిచినట్టే మొలిచి గిడసబారిపోతుంది, ఎందుకంటే పాత మొక్కలు నేలలోకి వదిలే పదార్థాలు తమ జాతి మొలకలనే ఎదగనివ్వవు. కాబట్టి మడి సగానికి పలచబడినప్పుడు మొత్తం దున్ని మొక్కజొన్న వేయాలి. వేళ్లలో మిగిలిన నత్రజని వల్ల ఆ పంటకు యూరియా బాగా తగ్గించుకోవచ్చు. కొత్త లూసర్న్ మడిని అంతకు ముందే, పాతది ఇంకా కోతకు వస్తుండగానే, వేరే 10 సెంట్లలో వేసి ఉంచుకుంటే ఆవుకు మేత మధ్యలో ఆగదు.