సర్రియలిస్టుల చేతిపని – నాలుగో పాఠం: మరకలోంచి బొమ్మ

కలలనూ, అనుకోకుండా పుట్టే రూపాలనూ నమ్ముకున్న ఇరవయ్యో శతాబ్దపు చిత్రకారులూ కవులే సర్రియలిస్టులు. పోయిన పాఠంలో ఇచ్చిన పని చేసే ఉంటారు. చాప, జల్లెడ, ఎండిన రావి ఆకు, పాత తలుపు చెక్క, ఏది దొరికితే దాని మీద పలచటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్దమన్నాను. బళ్లో రూపాయి బిళ్ల మీద నోటుపుస్తకం కాగితం పెట్టి రుద్దిన చేతులే కాబట్టి ఆ పని కష్టమనిపించి ఉండదు. కష్టమంతా ఆ తర్వాతే. 1925 ఆగస్టులో, ఫ్రాన్సు పడమటి తీరాన పోర్నిక్ అనే ఊళ్లో, ఒక సత్రం గదిలో కడిగి కడిగి అరిగిపోయిన నేల చెక్కల గీతలు తనను వదిలిపెట్టలేదని సర్రియలిస్టు చిత్రకారుడు మాక్స్ ఎర్నెస్ట్ రాసుకున్నాడు. కాగితాలు పరిచి రుద్దాడు. రుద్దినవాటిని ముందేసుకుని, అడవులూ పక్షులూ బయటికి వచ్చేదాకా చూస్తూ కూర్చున్నాడు. మీలో చాలామంది రుద్ది ఊరుకుని ఉంటారు. ఆ కాగితాలు పారేయకండి, ఈ పాఠం అయ్యాక వాటితో మళ్లీ పని పడుతుంది.

ఈసారి తడి రంగుతో చేద్దాం. దీని పేరు డెకల్కోమేనియా. పేరు పలకడానికి నోరు తిరగదు కానీ పని మాత్రం పసిపిల్లలకు కూడా తెలుసు. పుస్తకం మధ్యలో సిరా చుక్క వేసి, మూసి, నొక్కి తెరిస్తే సీతాకోకచిలుక వచ్చేది కదా, దానికి దూరపు చుట్టం ఇది. మనం ఇక్కడ 'అద్దుడు' అనుకుందాం. సిరా పీల్చే అద్దుడు కాగితం గుర్తున్నవాళ్లకు ఈ మాట కొత్త కాదు.

దీన్ని సర్రియలిస్టుల చేతికి అందించినవాడు ఆస్కార్ డొమింగెజ్. 1906లో కెనరీ దీవుల్లోని టెనెరిఫేలో పుట్టి పారిస్ చేరిన చిత్రకారుడు. 1935 ప్రాంతంలో నల్ల గువాష్ (నీళ్లతో కలిపే చిక్కటి రంగు) పూసిన కాగితం మీద ఇంకో కాగితం వేసి నొక్కి, పైకి లేపి, వచ్చిన అచ్చునే బొమ్మ అన్నాడు. ముందుగా ఏదీ అనుకోకుండా చేసిన అద్దుడు అని దానికి పేరు. 1936లో 'మినోటార్' పత్రికలో సర్రియలిస్టుల నాయకుడు, కవి ఆంద్రే బ్రెటన్ ఈ పద్ధతిని వంట చెప్పినట్టు చెప్పి, ఎవరైనా చేసుకోవచ్చన్నాడు. బ్రెటన్ భార్య, చిత్రకారిణి జాక్లీన్ లంబా కూడా ఆ రోజుల్లోనే అద్దుళ్లు చేసింది. ఎవరైనా చేసుకోవచ్చన్న మాట సగమే నిజమని నా అభిప్రాయం. మరక ఎవరైనా చేస్తారు. దాన్ని ఏం చేయాలో తెలిసినవాళ్లు తక్కువ.

ముందు మరక చేద్దాం.

పోస్టర్ కలర్ సీసాలు మూడు చాలు: నలుపు, తెలుపు, మూడోది ముదురు ఆకుపచ్చో గోధుమరంగో. గువాష్ దొరికితే మరీ మంచిది కానీ దానికోసం ఆగకండి. కాగితం నున్నగా, మందంగా ఉండాలి. గరుకు డ్రాయింగ్ షీటు రంగును పీల్చేస్తుంది, అచ్చు సరిగా రాదు. అయిపోయిన క్యాలెండర్ షీటు వెనకవైపు ఈ పనికి భలే పనికొస్తుంది. పైన వేసి నొక్కడానికి ఇంకో క్యాలెండర్ ముక్క కానీ, ఫైలుకు వాడే పలచటి ప్లాస్టిక్ షీటు కానీ తీసుకోండి. ప్లాస్టిక్ అయితే అడుగున రంగు ఎలా పాకుతోందో పైనుంచే కనిపిస్తుంది, కొత్తవాళ్లకు అదే మేలు. ఒక వెడల్పు కుంచె, ఒక సన్న కుంచె. కింద పాత పేపర్లు పరవడం మరిచిపోతే ఇంట్లోవాళ్లు గుర్తు చేస్తారు.

రంగు గరిటెజారుగా ఉండాలి. దోసెల పిండికన్నా పలచన, మజ్జిగకన్నా చిక్కన. అరచేయంత మేర గబగబా పూయండి, అంతటా ఒకే మందంగా ఉండక్కర్లేదు. వెంటనే ప్లాస్టిక్ వేసి అరచేతితో అదమండి. ఒకచోట గట్టిగా, ఒకచోట మెల్లగా. తర్వాత ఒక మూల పట్టుకుని నెమ్మదిగా, నిట్టనిలువుగా పైకి లేపండి. పక్కకు లాగితే అలుకు గుడ్డతో తుడిచినట్టు ఉంటుంది, అంతకుమించి ఏమీ రాదు.

లేపుతున్నప్పుడు ఏం జరుగుతోందో దగ్గరగా చూడండి. రెండు పొరలు విడిపోతుంటే మధ్యలో ఏర్పడే ఖాళీలోకి అంచుల నుంచి గాలి దూరుతుంది. పలచటి గాలి చిక్కటి రంగును తోసుకుంటూ రావాలి. ఒకే వరుసగా రాలేక వేళ్లలా చీలుతుంది. ప్రతి వేలూ మళ్లీ చీలుతుంది. వాటి మధ్య నిలిచిపోయిన రంగే ఆ సన్నటి కొమ్మలు, ఈనెలు, పగడాలు, నాచు. చెట్టుకొమ్మలా కనిపించేది ఏ చెయ్యీ గీసింది కాదు. గాలికీ రంగుకూ జరిగిన తోపులాట అది. చేత్తో గీద్దామని కూర్చుంటే ఆ ఒక్క అంగుళానికే పూట పడుతుంది.

వేసవిలో చేసేవాళ్లు ఫ్యాను ఆపేయండి. నేను మొదటిసారి ఆపలేదు. కాగితం, ప్లాస్టిక్ అతుక్కుపోయి, లాగితే రెండూ చిరిగాయి. నీళ్లు ఎక్కువైతే రంగు మడుగు కట్టి ఈనెలన్నీ మునిగిపోతాయి. ఇంకొకటి: మొదటి అచ్చు తీశాక ప్లాస్టిక్ మీద మిగిలిన రంగును కడిగేయకుండా ఇంకో కాగితం మీద అద్దండి. చాలాసార్లు ఆ రెండో అచ్చే బాగుంటుంది. రంగు తక్కువ, గీతలు ఎక్కువ. కాగితాన్ని మడిచి మాత్రం చేయకండి. మడిస్తే రెండు వైపులా ఒకేలా వచ్చి, ఏం చేసినా సీతాకోకచిలుకో దయ్యం మొహమో అవుతుంది. 1921లో హెర్మన్ రోర్షాక్ అనే స్విస్ వైద్యుడు అలాంటి మరకలతోనే మనసును పరీక్షించే పద్ధతి తెచ్చాడు. మన పని అది కాదు.

ఒక పూటలో పది, పన్నెండు తీయండి. ఆరబెట్టి, ఆ రోజుకు వాటిని చూడకండి.

మర్నాడు తీసి చూడండి. అట్టముక్కలు రెండు మూలమట్టంలా కత్తిరించి, ఎదురెదురుగా పెడితే చిన్నదీ పెద్దదీ చేసుకోగల కిటికీ వస్తుంది. దాన్ని అచ్చు మీద జరుపుతూ పోండి. కాగితాన్ని నాలుగు వైపులా తిప్పండి. పై అంచు కిందికి వస్తే వేర్లనుకున్నవి వాన అవుతాయి. మొహం కనిపిస్తే నమ్మకండి. మన కళ్లకు మొహాల పిచ్చి ఉంది, గోడ పెచ్చులోనూ కనిపిస్తాయి. స్థలం కనిపిస్తోందా అని వెతకండి: గుహ, గట్టు, పాడుబడ్డ మెట్లు, అడవి అంచు. మొహం దొరికితే బొమ్మ అక్కడితో ఆగిపోతుంది. స్థలం దొరికితే అందులో ఎవరున్నారో చూడాలనిపిస్తుంది.

దొరికిన స్థలాన్ని నిలబెట్టడానికి మొదటి కిటుకు ఎర్నెస్ట్ దగ్గర నేర్చుకుందాం. జర్మనీలో పుట్టినవాడు కాబట్టి 1939లో యుద్ధం మొదలవగానే ఫ్రాన్సు ప్రభుత్వం ఆయనను నిర్బంధించింది. దక్షిణ ఫ్రాన్సులోని ఎక్స్-అన్-ప్రొవాన్స్ ఊరి దగ్గర లె మిల్ అనే చోట పాత పెంకుల ఫ్యాక్టరీలో కొంతకాలం ఉంచారు. తర్వాత అమెరికాకు తప్పించుకున్నాడు. 'వాన తర్వాత యూరప్' అని ఆయన వేసిన రెండో చిత్రం 1940లో ఫ్రాన్సులో మొదలై 1942లో అమెరికాలో పూర్తయింది. దాదాపు మీటరున్నర పొడవు. తైలవర్ణంతో చేసిన అద్దుడంతా కుళ్లిన రాయిలా, ఎముకలా, నాచులా పరుచుకుని ఉంటుంది. మధ్యలో పక్షితల మనిషి. దాని ఆకాశం చూడండి: శుభ్రమైన నీలం, తేలికైన మబ్బులు. ఆ ఆకాశాన్ని ఆయన మరక మీదనే వేశాడు. ఎక్కడిదాకా ఆకాశం వేస్తే అక్కడ శిఖరం తేలుతుంది. బొమ్మ గీయకుండా, బొమ్మ చుట్టూ ఉన్నదాన్ని మూసేయడమన్నమాట.

తెల్లరంగులో చుక్క నీలం కలిపి మీరూ అలాగే చేయండి. కిటికీలో దొరికిన స్థలానికి పైభాగమంతా చిక్కటి రంగుతో మూసేయండి. కొండ అంచు దగ్గర సన్న కుంచె వాడండి. పది నిమిషాల్లో మరక కాస్తా ఊరవుతుంది.

రెండో కిటుకు చిత్రకారిణి రెమెడియోస్ వారో దగ్గరది. నా లెక్కలో ఈ పాఠం ఆవిడదే.

1908లో స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతంలో, ఆంగ్లెస్ అనే ఊళ్లో పుట్టింది. తండ్రి జలవనరుల ఇంజనీరు. కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని తన నక్షాలకు నకళ్లు తీయించేవాడు. స్కేలు, కాంపాసు, దూరం పోయేకొద్దీ గోడలు ఎలా కుదించుకుపోతాయో ఆ లెక్క, అన్నీ అక్కడే అలవడ్డాయి. తర్వాత మాడ్రిడ్‌లోని శాన్ ఫెర్నాండో అకాడమీ, బార్సిలోనా, 1937లో కవి బెంజమిన్ పెరేతో పారిస్. స్పెయిన్ అంతర్యుద్ధం ఒకవైపు, జర్మన్ సైన్యం మరోవైపు తరిమితే 1941 చివర్లో మెక్సికో చేరింది.

అక్కడ పదేళ్లకు పైగా పొట్టకూటి పనులే. కుర్చీలకు, పెట్టెలకు రంగులు వేసింది, నాటకాలకు దుస్తులు కుట్టింది, బేయర్ మందుల కంపెనీకి ప్రకటనల బొమ్మలు వేసింది. వాటి మీద తల్లి ఇంటిపేరు 'ఉరాంగా' అని సంతకం పెట్టేది, అసలు పేరు దాచుకుంది. 1947 నుంచి 1949 దాకా వెనెజులాలో ఉన్నప్పుడు మలేరియా నివారణ పనికోసం సూక్ష్మదర్శినిలో చూస్తూ కీటకాల బొమ్మలు గీసింది. ఈ పనులన్నీ వృథా అయిన ఏళ్లని కొందరు జాలిపడతారు. నాకు అలా అనిపించదు. దోమ కాలి మీద వెంట్రుకలు లెక్కపెట్టి గీసిన చెయ్యి తర్వాత ఏం చేసిందో చూడండి.

1950ల మొదట్లో జీవిత సహచరుడు వాల్టర్ గ్రూయెన్ అండతో ఇక సొంత బొమ్మలే వేయగలిగింది. 1956లో మెక్సికో నగరంలో మొదటి సొంత ప్రదర్శన. 1963లో గుండెపోటుతో పోయింది. అంటే నిండుగా పనిచేసింది పదేళ్లే. గట్టి అట్టపలక మీద తెల్లటి పూత వేసి, దాని మీద రంగును అద్ది, ఊది, గీరి, ఆ మరకల్లోంచి చెట్లు, గోడలు, పొగమంచు తెప్పించేది. అక్కడిదాకా డొమింగెజ్ దారే. అయితే ఆ మెత్తటి మరక పక్కనే తండ్రి నేర్పిన గీత వచ్చి కూర్చునేది: తిన్నటి మెట్లు, కమానులు, పళ్లచక్రాలు, గొట్టాలు. డొమింగెజ్ మొదట్లో మరకను మరకగానే వదిలేశాడు. వారో దానికి తలుపులు పెట్టి, లోపల ఒక మనిషిని కూర్చోబెట్టి, చేతికి పని ఇచ్చింది.

ఆ పనులు కూడా ఎక్కువగా ఇంటి పనులే. 1957 నాటి 'పక్షుల సృష్టి'లో గుడ్లగూబ రూపంలో ఉన్న స్త్రీ బల్ల ముందు కూర్చుని ఉంటుంది. మెడలో వేలాడే వయొలిన్‌కు తగిలించిన కుంచె ఒక చేతిలో ఉంది. రెండో చేతిలో మూడు మూలల భూతద్దం. అందులోంచి వచ్చిన ఆకాశపు వెలుగు తడిగా ఉన్న పక్షి బొమ్మ మీద పడగానే అది కాగితం వదిలి లేస్తోంది. 1958 నాటి 'నక్షత్రాల జావ'లో మబ్బుల మధ్య బురుజులో ఒంటరిగా ఒక స్త్రీ. ఆకాశం నుంచి గొట్టంలో దిగిన చుక్కలను చేతిమరలో తిప్పి పిండి చేసి, పంజరంలో ఉన్న నెలవంకకు చెంచాతో పెడుతోంది. మనం చంద్రుణ్ణి చూపించి పిల్లలకు బువ్వ పెడతాం, ఈవిడ చంద్రుడికే పెట్టింది. ఆమె మొహంలో సంతోషం వెతకకండి. రోజూ వండి పెట్టేవాళ్ల అలసటే ఉంది.

వంట మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఇంగ్లండు నుంచి వచ్చిన చిత్రకారిణి లియొనోరా కారింగ్టన్, ఫోటోగ్రాఫర్ కాటీ హోర్నా, వారో ముగ్గురూ మెక్సికో నగరంలో ప్రాణ స్నేహితులు. కారింగ్టన్, వారో కలిసి వంటింట్లో ప్రయోగాలు చేసేవాళ్లు. సగ్గుబియ్యాన్ని సముద్రపు సిరాచేప నల్లరసంలో నానబెట్టి, ఖరీదైన చేపగుడ్లని అతిథులకు వడ్డించారని చెబుతారు. ఎర్నెస్ట్ ప్రేయసి అనే ఒక్క గుర్తింపుతో చాలాకాలం కారింగ్టన్‌ను చెప్పుకున్నారు. 1945లో ఆమె వేసిన ఒక చిత్రం 2024 మేలో రెండు కోట్ల ఎనభై అయిదు లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ధరను బట్టి బొమ్మను కొలవకూడదు కానీ, ఈ అంకె చెప్పడానికి నాకు సరదాగానే ఉంది.

ఇప్పుడు మీ పని. ఆకాశం వేసిన అచ్చు ఎండాక, స్కేలు పెట్టి సన్నటి గీతలతో మనుషులు చేసిన వస్తువు ఒక్కటే చేర్చండి: తలుపు, నిచ్చెన, బావి గిలక, కిటికీ. నిజంగా వాడుకునేలా ఉండాలి. గిలకకు తాడు ఎటు వెళ్తుందో, తలుపు ఎటు తెరుచుకుంటుందో మీకు తెలిసి ఉండాలి. దాని పక్కన బొటనవేలు గోరంత మనిషి. ఆ మనిషి రోజూ మీ ఇంట్లో జరిగే ఒక పని చేస్తుండాలి: బియ్యం చెరగడం, బట్టలు ఆరేయడం, తాళం వెతకడం. ఎగిరే ఏనుగులు, కరిగే గడియారాలు వద్దు. అవి ఇప్పటికే బజారున పడ్డాయి. మరకలో పది వంతులుంటే మూడు వంతులకు మించి ముట్టుకోకండి. నాలుగో వంతు దగ్గర చెయ్యి దురద పెడుతుంది, అప్పుడు లేచి కుంచె కడుక్కోండి.

వచ్చే పాఠం ఇతెల్ కొకూన్ గురించి. 1906లో మన షిల్లాంగ్‌లో పుట్టి, పసితనంలోనే ఇంగ్లండు వెళ్లిపోయిన చిత్రకారిణి. మంత్రతంత్రాల మీద ఆసక్తి వదులుకోనన్నందుకు 1940లో లండన్ సర్రియలిస్టు బృందానికి దూరమైంది. 1949లో మరకల మీద ఒక వ్యాసం రాసింది. జోస్యం చెప్పే మరక అని దాని పేరు. నీటి మీద బొగ్గుపొడి చల్లి, కాగితంతో పైపైన ఎత్తి తీసే పద్ధతి ఆమెదే. దానికోసం వెడల్పాటి బేసిను ఒకటి, నాలుగు బొగ్గు ముక్కలు సిద్ధం చేసుకోండి. బొగ్గును రోట్లో దంచి, పలచటి గుడ్డలో జల్లించి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. కాటుకంత మెత్తగా ఉంటేనే తేలుతుంది.