ఫిష్ ఆయిల్ మాత్రలు మింగే ముందు ఒమేగా లెక్క చూసుకోవడం ఎలా?

అమెరికా నుంచి ఎవరు దిగినా సూట్‌కేసులో బాదంపప్పు, చాక్లెట్లతో పాటు ఓ పెద్ద ఫిష్ ఆయిల్ డబ్బా కూడా దిగుతుంది. మా ఇంట్లోనూ దిగింది. మావయ్యగారు పొద్దున్నే ఒక మాత్ర వేసుకుని, మధ్యాహ్నం సన్‌ఫ్లవర్ నూనెలో వేయించిన అప్పడాలు, వేపుళ్లు హాయిగా లాగించేవారు. "గుండెకు మంచిదట కదా అల్లుడుగారూ" అనేవారు. ఆ మాత్రలో ఒమేగా-3 ఎంత, ఆ నూనెలో ఒమేగా-6 ఎంత అని ఓ రోజు కాగితం మీద లెక్కేశాం. ఆ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. కాకపోతే మాత్రతో కాదు, వంటింటి నూనెతో మొదలుపెట్టాలి.

ముందు రెండు ముక్కలు. ఒమేగా-3, ఒమేగా-6 రెండూ కొవ్వులో రకాలే. రెండూ మన ఒంటికి కావాల్సినవే, రెంటినీ ఒళ్లు సొంతంగా తయారుచేసుకోలేదు. ఒమేగా-6 వంటనూనెల్లో దండిగా దొరుకుతుంది. ఒమేగా-3లో మనకు ముఖ్యమైనవి మూడు: గింజల్లో ఉండే ఏఎల్‌ఏ, చేపల్లో ఉండే ఈపీఏ, డీహెచ్‌ఏ. గుండెకు, మెదడుకు సంబంధించి ఎక్కువగా వినిపించేవి చివరి రెండే. ఏఎల్‌ఏని ఒళ్లు ఈపీఏగా కొద్దిగా మార్చుకుంటుంది, డీహెచ్‌ఏగా మరీ తక్కువ. ఆ మార్పు జరిగే దారిలోనే ఒమేగా-6 కూడా పోటీకి వస్తుంది.

1. నెలకు ఎంత నూనె వాడుతున్నారో చూడండి

నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్లు అవుతోందనుకుందాం. మనిషికి రోజుకు దాదాపు 30 గ్రాములు. మామూలు సన్‌ఫ్లవర్ నూనెలో సుమారు 60 శాతం ఒమేగా-6 ఉంటుంది, అంటే రోజుకు 18 గ్రాములు. ఒమేగా-3 దాదాపు సున్నా. అదే వేరుశనగ నూనె అయితే ఒమేగా-6 సగానికి తగ్గుతుంది, తవుడు నూనె కూడా ఇంచుమించు అంతే. సోయా నూనెలో ఒమేగా-6 ఎక్కువే గానీ, ఏడు శాతం దాకా ఏఎల్‌ఏ ఉంటుంది. ఆవనూనెలో పది శాతం పైనే. కానీ ఆ ఘాటు మన పప్పుచారుకి పడదు, బలవంతపెట్టను. ఆవకాయలో ఆవపిండి పడుతుంది కదా అని దాన్నీ లెక్కలో వేసుకోకండి, ఆ ఉప్పుతో వేరే గొడవ.

ఒక మాట గట్టిగా చెప్పాలి. వాట్సాప్‌లో తిరుగుతున్నట్టు ఒమేగా-6 విషం కాదు. డాల్డా, నెయ్యి లాంటి వాటి బదులు ఈ నూనెలు వాడితే చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది. కాబట్టి సన్‌ఫ్లవర్ మానేసి డాల్డాకి మారడం తెలివైన పని కాదు. నూనె మొత్తం తగ్గించడం, ఒక్క నూనెనే పట్టుకు వేలాడకుండా రెండు రకాలు వాడటం, ఇవి చాలు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా రకరకాల నూనెలు కలిపి వాడమనే చెబుతుంది. ఒమేగా-6, ఒమేగా-3 నిష్పత్తి ఇంతే ఉండాలని రోజూ కొలుచుకుంటూ కూర్చోవడం వృథా టెన్షన్. తక్కువైన ఒమేగా-3ని పెంచుకుంటే ఆ నిష్పత్తి దానంతటదే దారిలో పడుతుంది.

2. అవిసె గింజల పొడి పట్టండి

చాలా ఇళ్లలో ఇది పాత అలవాటే. గింజల్ని సన్నటి సెగ మీద చిటపటలాడే దాకా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, కొంచెం చింతపండు, ఉప్పు వేసి పొడి కొట్టుకుంటే వేడన్నంలోకి బాగుంటుంది. ఒక టేబుల్ స్పూను ఉత్త అవిసె పొడిలో, అంటే ఏడు గ్రాముల్లో, సుమారు 1.6 గ్రాముల ఏఎల్‌ఏ ఉంటుంది. రోజుకు అది చాలు. గింజల్ని నమలకుండా అలాగే మింగితే చాలావరకు అరక్కుండానే బయటికి పోతాయి, అందుకే పొడి చేయాలి. పొడి కొట్టాక అందులోని నూనె గాలికి త్వరగా పాడవుతుంది. వారానికి సరిపడా మాత్రమే కొట్టి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. కొట్లో అడిగేటప్పుడు "అవిసె గింజలు" అనే అడగండి. పువ్వులు కూర వండుకునే అవిసె చెట్టు వేరు. అక్రోట్లు కూడా మంచివే, ఖరీదే ఎక్కువ.

3. వారానికి రెండుసార్లు చేప, అదీ నూనె ఉన్న చేప

ఇక్కడే చాలామంది పొరబడతారు. చేప అంటే చాలు ఒమేగా-3 అనుకుంటారు. చెరువుల్లో పెంచే బొచ్చె, రవ్వ చేపల్లో ఇది తక్కువ. కొర్రమీను రుచికి రాజే గానీ, దానిలో కొవ్వే తక్కువ. మనకు కావాల్సినవి సముద్రపు చిన్న చేపలు: కవళ్లు, కానగంతలు, నెత్తళ్లు. కవళ్లు, కానగంతలు వంద గ్రాములు తింటే ఈపీఏ, డీహెచ్‌ఏ కలిపి ఒక గ్రాము చుట్టుపక్కల వస్తుంది. కాలాన్ని బట్టి, చేప ఒంట్లోని కొవ్వును బట్టి అటూ ఇటూ అవుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు గోదావరి వాళ్లు. ఒమేగా-3 కోసమైతే పుస్తెల జోలికి పోనక్కర్లేదు, కవళ్లు చాలు.

పులుసు పెట్టుకోండి. చేపలోంచి దిగిన నూనె పులుసులోనే ఉంటుంది, దాన్ని అన్నంలో కలుపుకుంటాం. మూకుడు నిండా నూనె పోసి వేయిస్తే మళ్లీ ఒకటో నంబరు లెక్కకే వస్తాం.

4. మాత్ర అసలు అవసరమా?

వారానికి రెండుసార్లు అలాంటి చేప తినేవాళ్లు చాలావరకు కొనక్కర్లేదు. ఈ మాత్రలకు అంత పేరు రావడానికి కారణాల్లో ఇటలీలో జరిగిన ఒక పరిశోధన ఉంది. అప్పటికే గుండెపోటు వచ్చిన 11 వేల మందికి పైగా రోగుల్లో రోజుకు సుమారు ఒక గ్రాము ఒమేగా-3 వాడినవాళ్లలో మరణాలు తగ్గాయని 1999లో తేలింది. తర్వాత 2018లో మధుమేహం ఉన్న 15 వేల పైచిలుకు మందితో బ్రిటన్‌లో అదే మోతాదు వాడి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. డాక్టర్ రాసే పెద్ద మోతాదు మందు సంగతి వేరు. రోజుకు నాలుగు గ్రాముల శుద్ధి చేసిన ఈపీఏ వాడిన ఒక పరిశోధనలో గుండె ప్రమాదం తగ్గింది. ఈపీఏ, డీహెచ్‌ఏ కలిపి నాలుగు గ్రాములు ఇచ్చిన మరో పరిశోధనలో తగ్గలేదు. రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు బాగా ఎక్కువున్నవాళ్లు డాక్టర్‌తో మాట్లాడాలి, సొంతంగా నాలుగేసి మాత్రలు మింగకూడదు.

శాకాహారులకు నాచు నుంచి తీసిన డీహెచ్‌ఏ నూనె దొరుకుతుంది. చేపకు కూడా అది నాచు నుంచే అందుతుంది. గుళిక తొడుగు జెలటిన్‌ది కావచ్చు, ఆకుపచ్చ గుర్తు ఉందో లేదో చూసుకోండి.

5. కొంటే, డబ్బా వెనక్కి తిప్పండి

ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉండే 1000 మిల్లీగ్రాములు ఫిష్ ఆయిల్ బరువు, ఒమేగా-3 బరువు కాదు. మామూలు మాత్రలో వెనకవైపు ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120 అని ఉంటుంది. రెండూ కలిపితే 300 మాత్రమే. అంటే వంద గ్రాముల కవళ్లకు సమానం కావాలంటే అలాంటి మాత్రలు మూడు నాలుగు వేసుకోవాలి. సర్వింగ్ సైజ్ రెండు మాత్రలు అని ఉంటే ఆ అంకెల్ని సగం చేయండి.

ధర కూడా ఇలాగే చూడాలి. ఉదాహరణకు 300 మిల్లీగ్రాములవి 60 మాత్రలు 600 రూపాయలైతే ఒమేగా-3 గ్రాము 33 రూపాయలు పడుతుంది. 560 మిల్లీగ్రాములవి 60 మాత్రలు 900 అయితే గ్రాము 27. ఖరీదుగా కనిపించిందే చవక.

తెచ్చాక ఒక మాత్ర కోసి వాసన చూడండి. లేత చేప వాసన సహజం. ముక్కిపోయిన వాసన, పాత పెయింటు వాసన వస్తే పారేయాలి. మావయ్యగారి డబ్బా ఏడాదిగా ఫ్రిజ్ పైన వేడికి ఉంది, కోసేసరికి అత్తయ్యగారు కిటికీ తెరిచారు. చల్లగా, చీకటిగా ఉన్న చోట పెట్టి, భోజనం మధ్యలో వేసుకుంటే ఒంటపడుతుంది, చేప తేన్పులు కూడా తగ్గుతాయి.

6. ఎవరు డాక్టర్‌ని ముందే అడగాలి

గుండె లయ తప్పే జబ్బు ఉన్నవాళ్లు ముఖ్యంగా. పెద్ద మోతాదులో ఈ మాత్రలు ఆ ప్రమాదాన్ని పెంచుతాయని పరిశోధనల్లో కనిపించింది. రక్తం పలుచబరిచే మందులు వాడేవాళ్లు, చేప పడనివాళ్లు కూడా అడగాలి. కాడ్ లివర్ ఆయిల్ మామూలు ఫిష్ ఆయిల్ కాదు, అందులో విటమిన్ ఏ ఎక్కువ కాబట్టి గర్భిణులు డాక్టర్ చెప్పకుండా ముట్టుకోకూడదు. ఆపరేషన్ ఉందంటే ఈ మాత్రల సంగతి ముందే చెప్పండి. "ఏదో చేప నూనె మాత్ర" అంటే డాక్టర్‌కి మోతాదు అర్థం కాదు, డబ్బానే పట్టుకెళ్లి చూపించండి.