బాల్యపు గాయాలపై డాక్యుమెంటరీ – 5వ పాఠం: తండ్రినీ కొడుకునీ ఒకే మంచం మీద కూర్చోబెట్టొద్దు

ఈసారి కట్‌అవే షాట్ల గురించి, అంటే ఇంటర్వ్యూ మధ్యలో మనిషి ముఖం వదిలి చూపించే చేతులు, వస్తువులు, పరిసరాల గురించి చెప్పాలి. కానీ పోయిన పాఠంలో మొదటి ఇంటర్వ్యూ తీయమన్నాక మీరు పంపిన క్లిప్పులు, వాటితో పాటు రాసిన ఉత్తరాలు చూశాను. కట్‌అవేలు ఆరో పాఠానికి జరిగాయి. మనిషి మనసు విప్పని ఇంటర్వ్యూకి మధ్యలో ఎన్ని అందమైన షాట్లు వేసినా అతుకులు కనిపిస్తూనే ఉంటాయి.

సాంకేతికంగా వచ్చిన ఇబ్బందులు త్వరగా ముగిద్దాం. ట్యూబ్‌లైట్ కింద తీసిన చాలా క్లిప్పుల్లో వెలుతురు మినుకుమినుకుమంటోంది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి షట్టర్‌ని 1/50 మీదో 1/100 మీదో పెట్టండి, తగ్గిపోతుంది. ఫ్యాన్ ఆపండి. ఫ్రిజ్ కూడా ఆపి, మీ బండి తాళం అందులో పెట్టండి. అప్పుడు దాన్ని మళ్లీ ఆన్ చేయకుండా ఆ ఇల్లు దాటి రాలేరు. ఇంటర్వ్యూ అయ్యాక ఎవరినీ కదలనివ్వకుండా ఒక నిమిషం ఆ గది శబ్దాన్ని రికార్డు చేయండి, ఎడిటింగ్‌లో అదే ఆదుకుంటుంది. కాలర్ మైకు ఒక్కటి మంచిది కొనుక్కుంటే చాలు, కెమెరాకి ఖర్చు పెట్టకండి, ఫోను సరిపోతుంది. ట్రైపాడ్, ఫోకస్ సంగతులు మీకు తెలిసినవే.

ఇక అసలు విషయం. ఒంగోలు నుంచి ఒకరు పంపిన క్లిప్పు గురించి వారి అనుమతితో, గుర్తుపట్టే వివరాలు మార్చి చెబుతున్నాను. నవారు మంచం మీద తండ్రి, ముప్పై దాటిన కొడుకు పక్కపక్కనే కూర్చున్నారు. తండ్రిది కనిగిరి వైపు మెట్ట పల్లె. కెమెరా వెనక నుంచి ప్రశ్న వచ్చింది: "చిన్నప్పుడు కొట్టినందుకు ఇప్పుడు ఏమనిపిస్తోంది పెద్దాయనా?" ఆయన వెంటనే, "ఏమనిపిస్తది? కొట్టబట్టే గదా ఈ పొద్దు ఇంతోడయింది" అన్నాడు. కొడుకు నవ్వాడు. నవ్వుతూనే కుడిచేత్తో ఎడమ మోచేతిని గట్టిగా పట్టుకున్నాడు. అంతలో రెండో ప్రశ్న పడింది: "అంటే సారీ చెప్పరా?" తండ్రి తుండుగుడ్డ భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. రికార్డింగ్ ఆగిపోయింది.

ఇలాంటి 'క్షమాపణ సీను' కోసం ప్రయత్నించినవాళ్లు మీలో ఇంకా ఉన్నారు. కావలి నుంచి వచ్చిన క్లిప్పులో తల్లీకూతుళ్లు. నెల్లూరు నుంచి వచ్చినదానిలో ఏకంగా ముగ్గురు అన్నదమ్ములు, మధ్యలో నాయన. నాకు ఇది చాలా కష్టంగా అనిపించింది, అందుకే దీన్ని సాగదీసి చెబుతాను. విసుక్కోకుండా చదవండి.

మొదటిది, మన ఇళ్లలో తండ్రి కొడుకు ఎదుట తగ్గి మాట్లాడడం అలవాటు లేని పని. పైగా బయటివాళ్లు కూర్చుని ఉన్నారు, వాకిట్లో పక్కింటివాళ్లు చూస్తున్నారు. ఆ క్షణంలో ఆయన తన పరువు కాపాడుకుంటాడు తప్ప జ్ఞాపకాల జోలికి పోడు. రెండోది, కొడుకు కూడా మారిపోతాడు. ఒంటరిగా ఉంటే బెల్టు దెబ్బల గురించి చెప్పగలిగినవాడు, నాయన పక్కన ఉంటే ఆయన్ని కాపాడే పనిలో పడతాడు. ఆ నవ్వు అందుకే వచ్చింది. మూడోది, ఆ ప్రశ్న జరిగినదాన్ని అడగలేదు, తీర్పు అడిగింది. తీర్పు అడిగితే ఎవరైనా వాదనకు దిగుతారు. నాలుగోది అన్నిటికన్నా పెద్దది. ఒకవేళ ఆయన సారీ చెప్పాడనుకోండి, కొడుకు క్షమించక తప్పని పరిస్థితి వస్తుంది. కెమెరా తిరుగుతోంది, తండ్రి కళ్లు తుడుచుకుంటున్నాడు, వీడు 'పర్లేదు నాయనా' అనకపోతే దుర్మార్గుడైపోతాడు. ఇరవై ఏళ్లు మోసినదాన్ని ఇరవై సెకన్లలో దించేయమని మనం ఒత్తిడి పెట్టినట్టే. తర్వాత మీరు సామాను సర్దుకుని బస్సెక్కుతారు. వాళ్లిద్దరూ ఆ రాత్రి అదే ఇంట్లో అన్నం తినాలి.

మాన్పడం మన పని కాదు. మానుతున్నది ఉంటే చూడగలగాలి, లేకపోతే లేదని చూపించగలగాలి.

అలా కాకుండా ఏం చేయాలి? వేర్వేరు రోజుల్లో, వీలైతే వేర్వేరు చోట్ల మాట్లాడండి. నేనైతే తండ్రితో పొలం గట్టు మీదో, వసారాలోనో పొద్దున టిఫిన్ కాగానే కూర్చుంటాను. మధ్యాహ్నం భోజనం తర్వాత తీసినవి నాకు నచ్చవు, మనిషి మాట మందగిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆయన కొడుకు గురించి అడగక ముందు ఆయన నాయన గురించి అడగండి.

ఒంగోలు మిత్రుడు అలాగే మళ్లీ వెళ్లాడు. ఆ పెద్దాయన చాలాసేపు వర్షాల గురించి, బర్రెల గురించి చెప్పాడు. తర్వాత తనంతట తానే, "మా నాయన దూలానికి కట్టేసి కొట్టేటోడు. నేను ఏనాడూ మావోణ్ణి కట్టేయలా" అన్నాడు. అన్నాక నేల మీద పుల్లతో గీత గీశాడు. ఈ ఒక్క మాటతో సినిమా నిలబడింది. తన లెక్కలో ఆయన అప్పటికే ఒక మెట్టు దిగి వచ్చాడు, తనకు దొరకని దయ కొంత కొడుక్కి ఇచ్చానని నమ్ముతున్నాడు. కొడుకు ఇంటర్వ్యూలో బెల్టు బకిల్ చప్పుడు గురించి చెబుతాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టండి. వ్యాఖ్యానం రాయకండి. వెనక వయొలిన్ సంగీతం అసలే వద్దు.

ప్రశ్నల సంగతి. 'మీకు ఎలా అనిపించింది' అన్నది చివరికి ఉంచండి, దాని అవసరం చాలాసార్లు రాదు. చోటు, వేళ, వస్తువు అడగండి. "మీ నాయన ఇంటికొచ్చే వేళకు మీరు ఎక్కడుండేవాళ్లు?" "ఆయన వస్తున్నాడని ముందుగా ఎలా తెలిసేది?" సైకిల్ స్టాండు చప్పుడనో, దగ్గనో, వాకిట్లో కుక్క లేవడమనో చెబుతారు. నేను ఎక్కడికెళ్లినా వదలని ప్రశ్న ఒకటుంది: "దెబ్బలు తిన్న రోజు మీకు అన్నం ఎవరు పెట్టేవాళ్లు?" ఆ ఇంట్లో ఆ బిడ్డకు అండగా నిలిచిన మనిషి ఎవరో దీంతో బయటికొస్తుంది. అవ్వో, పక్కింటి పెద్దమ్మో, ఒక్కోసారి కొట్టిన ఆ తల్లే. కొట్టిన చేత్తోనే ముద్దలు కలిపి పెట్టిందని చెప్పినప్పుడు మధ్యలో ఏమీ మాట్లాడకండి. మీ క్లిప్పుల్లో 'అయ్యో', 'అవునా', 'పాపం' ఎక్కువగా వినిపిస్తున్నాయి. తలాడించండి చాలు.

గాయమంటే దెబ్బలే కాదు. ప్రకాశం పడమటి మెట్టలో వానలు మొహం చాటేసిన ఏడాది హైదరాబాదుకో బెంగళూరుకో కట్టుబడి పనులకు పోయిన కుటుంబాలు ఎన్నో. పిలకాయలు అవ్వ దగ్గర మిగిలిపోతారు. వాళ్లు పెద్దయ్యాక 'నన్ను వదిలేసి పోయారు' అంటారు, తల్లిదండ్రులు 'మీ కోసమే పోయాం' అంటారు. రెండూ నిజమే. ఎండిన బోరు, అప్పు కాగితం, బస్సు టైము చూపించకుండా ఆ తల్లి మీద కెమెరా పెడితే ఆమెకు అన్యాయం చేసినవాళ్లమవుతాం. నెల్లూరు హాస్టళ్ల కథ వేరు. కావలి నుంచి రాసిన అమ్మాయి చెప్పింది: ఆదివారం వాళ్లమ్మ క్యారియర్లో చేపల పులుసు తెచ్చేది, గేటు పక్క చెట్టు కింద కూర్చుని తినేవాళ్లు. 'ఇంటికి తీసుకుపో' అని అడగాలని వారమంతా అనుకుని, పులుసు అయిపోయేదాకా మార్కుల గురించే మాట్లాడేదట. ఆమెకు చెప్పాను, అమ్మని అడగాల్సింది 'ఎందుకు చేర్చావు' అని కాదు, 'ఆ ఆదివారాలు తిరిగి బస్సులో వెళ్తూ ఏం చేసేదానివి' అని.

నెల్లూరు వాళ్లు చాలామంది రొట్టెల పండుగతో సినిమా మొదలుపెడతామన్నారు. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు గట్టున, బారా షహీద్ దర్గా దగ్గర కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్లు అందుకుంటారు. దృశ్యం గొప్పదే. కానీ మీ కథలోని తల్లి ఒకనాడు అక్కడ సంతాన రొట్టె అందుకుని, బిడ్డ పుట్టాక తిరిగి ఇవ్వడానికి వచ్చిన మనిషైతేనే తీయండి. అంతగా కోరి కన్న బిడ్డనే తర్వాత వాతలు తేలేలా కొట్టిందంటే, అదెలా జరిగిందన్న ప్రశ్నకు ఆ నీళ్లు, ఆ రొట్టె బరువునిస్తాయి. సంబంధం లేకుండా జనాన్ని చూపిస్తే అది పర్యాటక ప్రకటన అవుతుంది. మార్కాపురం పలకలకూ ఇదే మాట.

కొందరు 'ఏస్ స్కోరు', అంటే బాల్యంలో ఎన్ని రకాల కష్టాలు పడ్డారో చెప్పే అంకె, లెక్కగట్టి పంపారు. దానికి మూలమైన అధ్యయనం అమెరికాలోని శాన్ డియాగోలో జరిగింది, తొలి ఫలితాలు 1998లో వెలువడ్డాయి. రెండు విడతల్లో 17 వేల మందికి పైగా పెద్దవాళ్లను బాల్యపు కష్టాల గురించి అడిగారు. కష్టాలు పోగయ్యే కొద్దీ పెద్దయ్యాక గుండె జబ్బు, డిప్రెషన్, తాగుడు లాంటివాటి ప్రమాదం పెరుగుతోందని తేలింది. అది సమూహాల గురించి చెప్పే లెక్క. మీ ఎదుట కూర్చున్న ఒక్క మనిషి జాతకం కాదు. ఆ అంకెను వాళ్లకు చెప్పకండి, తెర మీద వేయకండి.

బంధం ఎలా అతుక్కుంటుందో తెలుసుకోవడానికి నాకు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్ చేసిన ప్రయోగం ఎక్కువ పనికొచ్చింది. 1970లలో ఆయన తల్లులను కాసేపు పసిబిడ్డ ఎదుట ముఖంలో ఏ కదలికా లేకుండా ఉండమన్నాడు. బిడ్డ నవ్వి, చేతులు చాచి, తల్లిని మళ్లీ పలికించాలని చూస్తుంది, కుదరక ముఖం తిప్పేసుకుంటుంది. తల్లి మళ్లీ పలికాక నెమ్మదిగా తిరిగి కలుస్తుంది. మనం ఆ నెమ్మదినే వెతకాలి. అదే పెద్దాయన ఇప్పుడు మనవడు అన్నం పారబోస్తే చెయ్యెత్తి, మళ్లీ దించి, చీపురు తెచ్చుకుంటాడు. దాన్ని పట్టుకోవాలంటే ఆ ఇంట్లో ఊరికే కూర్చోవాలి, కెమెరా మూసి కూడా.

ఏడుపు గురించి ఒక్క మాట. ఎదుటివాళ్లు ఏడవడం మొదలెడితే జూమ్ చేయకండి. నీళ్లివ్వండి, ఆపమంటారా అని అడగండి. ఇంటర్వ్యూ అయిన మర్నాడు ఫోన్ చేయండి. తీసేయమంటే తీసేయాలి, బతిమాలకూడదు. మనసు బాగా కలత పడినవాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి, 2022 నుంచి నడుస్తోంది, తెలుగులో మాట్లాడతారు.

చట్టం దగ్గర మాత్రం సర్దుబాటు లేదు. ఇప్పుడు 18 ఏళ్లు నిండని బిడ్డ మీద లైంగిక హింస జరిగిందని షూటింగులో తెలిస్తే, 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. 23వ సెక్షన్ ప్రకారం ఆ బిడ్డ పేరు, ముఖం, బడి, ఇల్లు ఏవీ మీడియాలో బయటపెట్టకూడదు. ముఖం మసక చేసి వీధిని చూపించినా ఊరివాళ్లు గుర్తుపడతారు. బిడ్డ మీద ఏ రకమైన హింస జరిగినా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. ఇంటర్వ్యూ మొదలుకాక ముందే పెద్దవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

అభ్యాసం. ఈసారి కెమెరా తాకొద్దు. మీ అమ్మనో నాయననో, లేకపోతే మేనమామనో అత్తనో వాళ్ల చిన్నతనం గురించి నలభై నిమిషాలు మాట్లాడించి, గొంతు మాత్రమే రికార్డు చేయండి. మిమ్మల్ని ఎలా పెంచారన్నది ఒక్కసారి కూడా అడగకూడదు. తర్వాత మొత్తం చేత్తో రాయండి, యాప్ వద్దు. ఆగిన చోట ఎన్ని సెకన్లు ఆగారో అంకె వేయండి, మీరు మధ్యలో దూరిన చోట ఎర్ర పెన్నుతో గీత గీయండి. రాసినది వాళ్లకు చదివి వినిపించి, వద్దన్న వాక్యాలు వాళ్ల చేతే కొట్టేయించండి. చదువుకోనివాళ్లయితే వాళ్లు చెబుతుంటే వాళ్ల ఎదురుగానే మీరు కొట్టేయండి. నాకు రికార్డింగ్ పంపొద్దు. ఎర్ర గీతలు ఏ ప్రశ్నల దగ్గర పడ్డాయో, ఆ ప్రశ్నలు మాత్రం రాసి పంపండి.