ఎవరెస్ట్ పర్మిట్‌కి సిక్కోలు (శ్రీకాకుళం) నుంచి ఎలా అప్లై చెయ్యాలి

మనమే ఆన్‌లైన్‌లో ఫారం నింపేసి ఫీజు కట్టేస్తే ఎవరెస్ట్ పర్మిట్ వచ్చేస్తుందని మన కుర్రాళ్లు చాలామంది అనుకుంటన్నారు, అలా కుదరదు. శిఖరం నేపాల్, చైనా బోర్డర్ మీదుంది, ఎత్తు 8,848.86 మీటర్లు, ఏ దేశం వైపు నుంచి ఎక్కితే ఆ దేశం పర్మిట్ తీసుకోవాలి. మాలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్లకే ఎక్కింది కదా, అది టిబెట్, అంటే చైనా వైపు నుంచి. నేపాల్ వైపైతే 16 ఏళ్లు ఉండాల్సిందే. నేను చెప్పేది నేపాల్ సంగతి.

అప్లికేషన్ పెట్టేది నేపాల్‌లో రిజిస్టరైన ఏజెన్సీ, కాఠ్మండు టూరిజం డిపార్ట్‌మెంట్‌లో. మన పని కాగితాలు రెడీ చేసుకోడం, తంటా అంతా అక్కడే. నేపాల్‌లో అడుగు పెట్టడానికి వీసా అక్కర్లేదు, ఓటర్ కార్డు చాలు (ఆధార్ 15 లోపు, 65 పైబడినోళ్లకే నడుస్తాది), కానీ పర్మిట్ ఫైలుకి పాస్‌పోర్టే పెట్టుకోండి. మనకి వైజాగ్ పాస్‌పోర్ట్ ఆఫీసు, మామూలు 36 పేజీలదానికి 1,500 రూపాయలు. ఇంటిపేరు దగ్గర జాగ్రత్త: టెన్త్ మెమోలో పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం, బ్యాంకులో పేరు చివర, మనోళ్లకి ఇది మామూలే, ముందు అవన్నీ ఒకలా చేయించుకుని, తర్వాత మెడికల్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ కూడా పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయించండి.

క్లైంబింగ్ బయోడేటా కూడా అడుగుతారు. అందులో మహేంద్రగిరి ఎక్కానని రాస్తే నవ్వుతారు, అది 1,500 మీటర్లే. డార్జిలింగ్‌లోనో ఉత్తరకాశీలోనో బేసిక్, అడ్వాన్స్‌డ్ కోర్సులు చేసి, హిమాలయాల్లో పెద్ద శిఖరాలు ఒకట్రెండు ఎక్కుంటే అప్పుడు మాట.

ఇక డబ్బులు. 2025 సెప్టెంబర్ నుంచి వసంతకాలం సీజన్‌కి మనిషికి 15,000 డాలర్లు, అంతకుముందు 11,000 ఉండేది. అంటే 13 లక్షల పైమాటే, ఇది గవర్నమెంట్ ఫీజు మాత్రమే, షెర్పాలు, ఆక్సిజన్, తిండి, ఏజెన్సీ చార్జీలు అన్నీ వేరే. శరదృతువులో సగం, 7,500. చవక కదా అని అప్పుడెళ్లకండి, జనం మే నెలలోనే ఎక్కడానికి కారణం వాతావరణం. పైగా ఇప్పుడు ఇద్దరు క్లైంబర్లకి ఒక గైడ్ తప్పనిసరి, ఒంటరిగా ఎక్కుతానంటే పర్మిట్ ఇవ్వరు, ఇచ్చిన పర్మిట్ కూడా 55 రోజులే చెల్లుతుంది, ఇదివరకు 75.

ఫీజు డాలర్లలో ఉంది కదా అని బ్యాంకుకెళ్లి డాలర్లు అడక్కండి. నేపాల్ ప్రయాణానికి, అక్కడివాళ్లకి కట్టడానికి ఫారిన్ కరెన్సీ ఇవ్వకూడదని మన ఫెమా (ఫారిన్ కరెన్సీ చట్టం) రూల్స్‌లోనే ఉంది. రూపాయల్లో ఎలా పంపాలో ఏజెన్సీనీ, మీ బ్యాంకునీ ముందే అడిగి, రసీదు మీ పేరు మీదే రాయించుకోండి. ఇదంతా జనవరికల్లా తేలిపోవాలి, ఏప్రిల్‌లో బేస్ క్యాంప్‌లో ఉండాలంటే ఆమదాలవలసలో హౌరా రైలెక్కి, అక్కడ్నుంచి నేపాల్ బోర్డర్‌లో ఉన్న రక్సౌల్ మీదుగా కాఠ్మండు చేరడానికే రోజులు పడతాయి.