ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారులో క్రూయిజ్ ఆగిపోతోందా, పికప్ పడిపోతోందా? ముందు ఇవి చూసుకోండి

నాది ప్లగ్-ఇన్ హైబ్రిడ్, అంటే పెట్రోల్ ఇంజన్‌తో పాటు ఛార్జింగ్ పెట్టుకునే పెద్ద బ్యాటరీ, మోటార్ ఉన్న కారు. హైవే మీద 90లో క్రూయిజ్ (పెడల్ తొక్కకుండానే బండి ఒకే స్పీడ్ పట్టుకునే ఏర్పాటు) పెట్టుకుని వెళ్తున్నా, టింగుమని చిన్న శబ్దం వచ్చింది, మీటర్లో క్రూయిజ్ గుర్తు మాయం, బండి తనంతట తనే స్లో అవడం మొదలుపెట్టింది. సెట్ బటన్ మళ్ళీ నొక్కితే పట్టుకుంది, ఇంకో పది నిమిషాలకి మళ్ళీ పోయింది. రెండు మూడు వారాలు ఇలాగే నడిచింది, నేనూ పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత ఒకరోజు ఓవర్‌టేక్ చేద్దామని యాక్సిలరేటర్ తొక్కితే అస్సలు పికప్ రాలేదు, వెనకాల పెద్ద ట్రక్కు వస్తోంది, ఆ కొన్ని సెకన్లు ఎంత భయం వేసిందో ఇప్పటికీ గుర్తుంది. రెండూ వేరే వేరే ప్రాబ్లమ్స్ అనుకుని స్టీరింగ్ మీదున్న క్రూయిజ్ స్విచ్‌లు మార్పించా, డబ్బులు పోయాయి తప్ప తేడా ఏం లేదు. చివరికి తేలింది ఏంటంటే రెండింటికీ కారణం ఒకటే, బ్రేక్ పెడల్ పైన ఉండే చిన్న ప్లాస్టిక్ స్విచ్. నాలాగా అనవసరమైన పార్టులు మార్పించుకోకుండా ఏది ముందు చూడాలో, ఏది తర్వాత చూడాలో వివరంగా రాస్తున్నా.

అన్నిటికంటే ముందు ఒక విషయం అర్థం చేసుకోండి. క్రూయిజ్ ఆగిపోయిందంటే క్రూయిజ్ పాడైందని కాదు. బండి కంప్యూటర్‌కి ఏదైనా సెన్సార్ మీద అనుమానం వస్తే మొదట వదిలేసేది క్రూయిజ్‌నే, ఎందుకంటే డ్రైవర్ కాలు పెడల్ మీద లేకుండా బండి తనే స్పీడ్ పట్టుకుని వెళ్ళడం అన్నది అన్నీ సరిగ్గా ఉన్నప్పుడే చేయాల్సిన పని. కొన్ని కార్లలో చెక్ ఇంజన్ లైట్ వెలిగితే చాలు క్రూయిజ్ పనిచేయదు, ఆ లైట్ వెలగడానికి కారణం క్రూయిజ్‌తో ఏ సంబంధం లేనిదైనా సరే. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో అయితే ఇంజన్, మోటార్, పెద్ద బ్యాటరీ, బ్యాటరీ కరెంటుని మోటార్‌కి తగ్గట్టు మార్చే ఇన్వర్టర్, బ్రేకులతో వచ్చే రీజెన్ (స్పీడ్ తగ్గేటప్పుడు ఆ శక్తితో బ్యాటరీని నింపడం), ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉంటాయి కాబట్టి అనుమానం రావడానికి చోట్లు కూడా ఎక్కువే. అందుకే క్రూయిజ్ పోవడాన్ని ముందస్తు హెచ్చరికలాగా తీసుకోండి.

రోడ్డు మీద ఉండగా పవర్ పడిపోతే ఏం చేయాలో కూడా ముందే చెప్తా. కంగారుపడి పెడల్‌ని కిందకంటా తొక్కొద్దు. హజార్డ్ లైట్లు వేసి, ఉన్న ఊపుతోనే మెల్లగా పక్కకి తీసుకోండి. మామూలుగా స్టీరింగ్, బ్రేకులు పనిచేస్తూనే ఉంటాయి, కానీ బ్రేక్ పెడల్ గట్టిపడినట్టు అనిపిస్తే భయపడకుండా బలంగా తొక్కండి, ఆగుతుంది. సేఫ్‌గా ఆపాక మీటర్‌ని ఫోన్‌తో ఫోటో తీసి, ఆ తర్వాతే బండి ఆఫ్ చేయండి. ఆఫ్ చేసి ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ ఆన్ చేస్తే చాలాసార్లు మామూలుగా అయిపోతుంది, అయిపోయింది కదా అని మర్చిపోకండి, అది బాగవడం కాదు, కంప్యూటర్ మళ్ళీ మొదటి నుంచి లెక్క చూసుకోవడం అంతే. ఎర్ర లైట్ వెలిగినా, ఆపమని మెసేజ్ వచ్చినా, కాలిన వాసన వచ్చినా మళ్ళీ నడపొద్దు, టో చేయించుకోండి.

ఇంకో అలవాటు చేసుకోండి, ప్రతిసారి జరిగినప్పుడు నాలుగు ముక్కలు రాసి పెట్టుకోండి. అప్పుడు బ్యాటరీ ఎంత శాతం ఉంది, ఏ మోడ్‌లో (కరెంటు మీదా, హైబ్రిడ్‌లోనా) ఉన్నారు, ఇంజన్ నడుస్తోందా లేదా, రోడ్డు ఎక్కుడా దిగుడా, ఎంతసేపటి నుంచి నడుపుతున్నారు, బయట ఎండా వానా చలా, అప్పుడే గుంతలో ఏమైనా పడిందా. ఐదారు సార్లు రాస్తే మీకే ఒక వరుస కనిపిస్తుంది. నా విషయంలో గుంతలూ స్పీడ్ బ్రేకర్లూ దాటాకే ఎక్కువగా జరుగుతోందని ఆ కాగితం చూస్తేనే తెలిసింది.

అసలు ప్రాబ్లమే కానివి కొన్ని ఉంటాయి, ముందు వాటిని పక్కన పెట్టేద్దాం. మామూలు క్రూయిజ్ కొన్ని బళ్ళలో 30, 40 స్పీడ్ దాటితేనే పట్టుకుంటుంది, అంతకంటే కిందకి వస్తే వదిలేస్తుంది. తడి రోడ్డు మీద టైర్ కొంచెం జారి, దాన్ని అదుపు చేసే ట్రాక్షన్ కంట్రోల్ పనిచేసినా వదిలేస్తుంది. కొండ మీద ఫుల్ ఛార్జ్ పెట్టుకుని దిగుతుంటే బ్యాటరీలో చోటు లేక రీజెన్ సరిగ్గా పనిచేయదు, అప్పుడు క్రూయిజ్ స్పీడ్‌ని అదుపులో పెట్టలేకపోవచ్చు, లేదా ఉన్నట్టుండి ఇంజన్ గట్టిగా అరుస్తూ తిరగొచ్చు, అది బండి ఇంజన్ బ్రేకింగ్ వాడుకోవడం. బాగా చలిలో బ్యాటరీ చల్లబడిపోయినప్పుడు ఎలక్ట్రిక్ పవర్ తక్కువ ఇవ్వడం, ఇంజన్ ముందే స్టార్ట్ అవ్వడం కూడా మామూలే.

వీటన్నిటికంటే ఎక్కువమందిని భయపెట్టేది, బ్యాటరీ అయిపోయాక ఎక్కుడు మీద పవర్ తగ్గడం. లెక్క చూడండి, 1500 కిలోల బండి 6 శాతం ఎక్కుడు మీద గంటకి 100 కిలోమీటర్ల స్పీడ్ పట్టాలంటే ఆ ఎత్తు ఎక్కడానికే దాదాపు 25 కిలోవాట్లు కావాలి, గాలిని తోసుకుపోవడానికీ టైర్ల రాపిడికీ ఇంకో 15 దాకా పోతుంది. రేంజ్ ఎక్స్‌టెండర్ ఉన్న బీఎండబ్ల్యూ ఐ3 తీసుకోండి, మోటార్ 125 కిలోవాట్లది, కానీ కరెంటు తయారుచేసే ఇంజన్ రెండు సిలిండర్ల 647 సీసీది, దాని శక్తి 30 కిలోవాట్లకి కూడా చేరదు. బ్యాటరీలో మిగులు ఉన్నంతసేపు రెండూ కలిసి లాగుతాయి, మిగులు అయిపోయాక ఇంజన్ ఎంత ఇస్తే అంతే. అన్ని ప్లగ్-ఇన్‌లూ ఇంత చిన్న ఇంజన్‌తో రావు గానీ సూత్రం ఇదే. అందుకే షెవర్లే వోల్ట్‌లో బ్యాటరీలో కొంత ఛార్జ్ దాచి ఉంచే మౌంటెన్ మోడ్ అని ఒకటి పెట్టారు, మిత్సుబిషి ఔట్‌ల్యాండర్‌లో సేవ్, ఛార్జ్ బటన్లు ఉన్నాయి. మీ బండిలో పేరు ఏదైనా కానీ, పెద్ద ఎక్కుడు ఉందని తెలిస్తే దానికి ఇరవై నిమిషాల ముందే ఆ మోడ్‌లో పెట్టేయండి, ఎక్కుడు మొదలయ్యాక పెడితే పెద్దగా లాభం ఉండదు. ఇలా చేశాక పవర్ బాగానే ఉంటే ఎక్కుడు మీద పవర్ తగ్గడం చాలావరకు లోపం కాదు.

పైన చెప్పినవేవీ లేకుండా, బ్యాటరీ సగం పైన ఉండగా, చదును రోడ్డు మీద కూడా జరుగుతుంటే మాత్రం లోపమే. ఇప్పుడు కోడ్‌లు, అంటే కంప్యూటర్ లోపాలకి గుర్తుగా రాసి పెట్టుకునే నంబర్లు చదవాలి. బండికి తగిలించి ఆ కోడ్‌లు చదివే ఓబీడీ స్కానర్ ఒకటి కొనుక్కోండి, ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసేది చాలు, కానీ మీ మోడల్ హైబ్రిడ్ కోడ్‌లు కూడా చదివే యాప్ ఉండాలి, మామూలు యాప్ ఇంజన్ కోడ్‌లు చూపించి ఊరుకుంటుంది. చెక్ ఇంజన్ లైట్ వెలగలేదు కదా కోడ్ ఏం ఉంటుందిలే అనుకోవద్దు, చాలా లోపాలు వరుసగా రెండు ట్రిప్పుల్లో కనిపిస్తేనే లైట్ వెలుగుతుంది, మొదటిసారి పెండింగ్ కోడ్‌గా లోపల ఉండిపోతుంది. కనిపించిన కోడ్‌లన్నీ ఫోటో తీసుకోండి, ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఆ క్షణంలో స్పీడ్, టెంపరేచర్, లోడ్ ఎంత ఉన్నాయో చూపిస్తుంది, అది కూడా తీసుకోండి. దయచేసి ఇవన్నీ తీసుకోకుండా క్లియర్ బటన్ నొక్కకండి, ఆ సమాచారం మళ్ళీ రాదు. పీ0571, పీ0504 వస్తే బ్రేక్ స్విచ్ వైపు చూడాలి, పీ2138 యాక్సిలరేటర్ పెడల్ సెన్సార్, పీ2135 థ్రాటిల్ (ఇంజన్‌కి వెళ్ళే గాలిని అదుపు చేసే మూత) సెన్సార్, పీ0300 మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండకపోవడం), పీ0562 అంటే 12 వోల్టుల వైపు వోల్టేజ్ తక్కువ, పీ0ఏ93 ఇన్వర్టర్ కూలింగ్. పీ0ఏఏ6 వస్తే హై వోల్టేజ్ ఇన్సులేషన్ లోపం, దాన్ని మీరు ముట్టుకోకుండా తెలిసినవాళ్ళకి అప్పగించండి.

కంప్యూటర్ల మధ్య మాటలు తెగాయని చెప్పే, యూ అక్షరంతో మొదలయ్యే కోడ్‌లు ఒక గుంపుగా వచ్చి, ఒకదానికొకటి సంబంధం లేని వార్నింగులు అన్నీ కలిసి వెలిగితే ముందు చిన్న 12 వోల్టుల బ్యాటరీని అనుమానించండి. ఇంత పెద్ద బ్యాటరీ ఉండగా అదెందుకు అంటారేమో, కంప్యూటర్లన్నీ నడిచేది ఆ చిన్నదాని మీదే, పెద్ద బ్యాటరీని కలిపే రిలేలు పనిచేయాలన్నా అదే కావాలి. బండి ఆపి కొన్ని గంటలు వదిలేశాక మల్టీమీటర్‌తో చూస్తే 12.6 దగ్గర ఉండాలి, 12.2 అంటే సగానికి పడినట్టు, 12 కంటే తక్కువ అంటే ఖాళీ. బండి ఆన్ చేసి, నడపడానికి సిద్ధమని చెప్పే రెడీ లైట్ వెలిగాక మామూలుగా 13.5 నుంచి 14.7 మధ్యలో ఉంటుంది, అక్కడ కూడా 12 దగ్గరే ఆగిపోతే డీసీ-డీసీ కన్వర్టర్ చూపించాలి, పెద్ద బ్యాటరీ కరెంటుతో చిన్న బ్యాటరీని నింపేది అదే, మామూలు కార్లలో ఆల్టర్నేటర్ చేసే పని. టెర్మినల్స్ లూజుగా ఉన్నాయేమో, తెల్లగా పొడి పట్టిందేమో కూడా చూడండి. బ్యాటరీ మీద ఏజీఎం (సీల్ చేసిన ఒక రకం) అని ఉంటే కొత్తది కూడా అదే రకం వేయించుకోండి.

ఇక నా బండి దెబ్బతిన్న చోటు, బ్రేక్ స్విచ్. పెడల్ కొంచెం కదలగానే బ్రేక్ వేశారని కంప్యూటర్‌కి చెప్పేది ఇదే. అరిగిపోయినా, సెట్టింగ్ కొంచెం జరిగినా, గుంతలో బండి ఎగరగానే ఒక్క క్షణం బ్రేక్ పడినట్టు చెప్తుంది, క్రూయిజ్ వెంటనే వదిలేస్తుంది. పవర్ పోవడానికి దీనికి సంబంధం ఏంటంటే, ఇప్పటి కార్లలో బ్రేకూ యాక్సిలరేటరూ రెండూ ఒకేసారి తొక్కినట్టు కనిపిస్తే కంప్యూటర్ బ్రేక్ మాటే వింటుంది, పవర్ తగ్గించేస్తుంది, యాక్సిలరేటర్ ఇరుక్కుపోతే బండి ఆగడానికి పెట్టిన భద్రత అది. మీరు యాక్సిలరేటర్ తొక్కుతుండగా స్విచ్ తప్పుడు సమాచారం ఇచ్చిందంటే మీకు పికప్ పోయినట్టు అనిపిస్తుంది. టెస్ట్ సులువే, చీకటి పడ్డాక బండి వెనక భాగం గోడకి దగ్గరగా పెట్టి, పార్క్‌లోనే ఉంచి, అద్దంలో చూడండి. పెడల్ మీద కాలు లేకుండా గోడ మీద బ్రేక్ లైట్ల ఎర్ర వెలుగు కనిపించినా, మినుకుమినుకుమన్నా స్విచ్‌లో తేడా ఉన్నట్టే. పాదం పైభాగంతో పెడల్‌ని పైకి ఎత్తితే లైట్ ఆరిపోతోందంటే సెట్టింగ్ జరిగింది. అలాగే ఫ్లోర్ మ్యాట్ ముందుకి జరిగి పెడల్‌కి తగులుతోందేమో, ఎడమ కాలు బ్రేక్ మీద ఆనించే అలవాటు ఉందేమో కూడా చూసుకోండి, ఇవి చిన్న విషయాలే కానీ ఫలితం అదే. పార్క్ లోంచి గేరు ఒక్కోసారి బయటికి రాకపోవడం కూడా ఈ స్విచ్ గుర్తే. అన్నట్టు లైట్లు బాగానే వెలుగుతున్నా కూడా స్విచ్ పాడై ఉండొచ్చు, చాలా వాటిలో లోపల రెండు సర్క్యూట్లు ఉంటాయి, రెండూ ఒకేమాట చెప్పకపోతే కంప్యూటర్ నమ్మదు, అది స్కానర్ లైవ్ డేటాలో (సెన్సార్లు ఆ క్షణంలో ఏం చెప్తున్నాయో చూపించేది) చూస్తేనే తెలుస్తుంది.

ముందు బండిని బట్టి స్పీడ్ తగ్గించే అడాప్టివ్ క్రూయిజ్ అయితే రాడార్ మీద మట్టి, పురుగులు లేకుండా మెత్తని తడి గుడ్డతో తుడవండి, ముందు లోగో వెనకో బంపర్ కిందో ఉంటుంది. ముందు అద్దం పైభాగంలో ఉండే కెమెరా ముందు స్టిక్కర్లు ఉంటే తీసేయండి. బంపర్ రిపేరైనా, ముందు అద్దం మారినా కాలిబ్రేషన్ (రాడార్, కెమెరా సరిగ్గా చూసేలా సెట్ చేయడం) చేయించాలి, చేయించకపోతే క్రూయిజ్ అవసరం లేని చోట బ్రేక్ వేయొచ్చు, ఇది నిజంగా ప్రమాదం. క్రూయిజ్ బటన్లతో పాటు హారన్ కూడా పనిచేయక, ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలిగితే స్టీరింగ్ లోపలి క్లాక్ స్ప్రింగ్ (తిరిగే స్టీరింగ్‌లోని బటన్లకి వైర్లు కలిపేది) పోయి ఉంటుంది. ఏబీఎస్ లైట్ తోడైతే వీల్ స్పీడ్ సెన్సార్ చూపించండి.

పవర్ పోయినప్పుడల్లా ఇంజన్ నడుస్తూ ఉంటే పెట్రోల్ సంగతి గుర్తు చేసుకోండి. రోజూ ఛార్జ్ పెట్టుకుని కరెంటు మీదే తిరిగేవాళ్ళ ట్యాంకులో పెట్రోల్ నెలల తరబడి అలాగే ఉండిపోతుంది, తేలికగా మండే భాగం తగ్గిపోతుంది, తర్వాత ఇంజన్ ఒక్కసారిగా లోడ్ మీద పనిచేయాల్సి వస్తే మిస్‌ఫైర్ అవుతుంది. వోల్ట్‌లో అయితే ఆరు వారాలు ఇంజన్ నడవకపోతే బండే అడిగి కాసేపు నడుపుతుంది, పెట్రోల్ సగటు వయసు ఏడాది దాటితే దాన్ని ఖర్చు చేయడానికి ఇంజన్ నడుపుతుంది. మీ బండిలో ఈ ఏర్పాటు లేకపోతే నెలకోసారి మీరే ఇంజన్ బాగా వేడెక్కేదాకా, ఇరవై ముప్పై నిమిషాలు హైవే మీద నడపండి, ట్యాంక్ ఎప్పుడూ ఫుల్ చేయకుండా సగం లోపు ఉంచుకోండి. ఎయిర్ ఫిల్టర్, థ్రాటిల్ బాడీలో కార్బన్ కూడా చూపించండి.

అరగంట నడిచాకే, ఎండలోనే పవర్ తగ్గుతుంటే వేడి సమస్య. ఇన్వర్టర్‌కీ ఇంజన్‌కీ వేరువేరు కూలెంట్ డబ్బాలు ఉండొచ్చు, బండి చల్లబడ్డాక రెండింటిలోనూ లెవెల్ చూడండి, తగ్గితే కంపెనీ చెప్పిన కూలెంటే పోయించండి, నీళ్ళు పోయొద్దు. గాలితో చల్లబడే బ్యాటరీ అయితే వెనక సీటు పక్కన గాలి జాలీ ఉంటుంది, దాని మీద సామాను, దుప్పట్లు పెట్టకండి, దుమ్మూ కుక్క వెంట్రుకలూ పట్టకుండా చూసుకోండి.

నారింజ రంగు కేబుళ్ళు, వాటికి కలిసే డబ్బాలు మాత్రం మీరు అస్సలు విప్పొద్దు. వందల వోల్టుల డీసీ కరెంటు అది, బండి ఆఫ్ చేసినా లోపల కెపాసిటర్లలో కాసేపు ఉంటుంది. ఈ పనికి ట్రైనింగ్ అయిన మనిషే కావాలి.

మెకానిక్ దగ్గరికి వెళ్ళినప్పుడు క్రూయిజ్ పనిచేయట్లేదు అని మాత్రం చెప్పకండి, అలా చెప్తే నాలాగే స్విచ్‌లు మార్చి పంపుతారు. మీ కాగితం, ఫోటోలు, కోడ్‌లు ముందు పెట్టి, స్కానర్ తగిలించి మీతో కలిసి అదే రోడ్డు మీద నడపమని అడగండి, బ్రేక్ స్విచ్ రెండు సర్క్యూట్లూ లైవ్ డేటాలో చూపించమనండి. ఛాసిస్ నంబర్ ఇచ్చి మీ బండికి రీకాల్ గానీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ గానీ మిగిలి ఉందేమో కూడా చూడమనండి, రీకాల్ అయితే మామూలుగా ఉచితం. రిపేరయ్యాక కోడ్‌లు మళ్ళీ చదివి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, అయిపోయాక ఒకసారి, గుంతల రోడ్డు మీద ఒకసారి క్రూయిజ్ పెట్టి చూడండి, పెండింగ్ కోడ్ ఒక్కటి కూడా రాకపోతేనే బిల్లు కట్టండి.